ఉమ్మడి లైబ్రరీలు – పాత కంప్యూటరులో ఆఫీసు ప్రోగ్రాములు

పల్లెలలో పెండ్లివంటకు వలసిన పెద్ద గుండిగలు, గంగాళములు, గాడిపొయ్యిపై పెట్టు బాణలులు ప్రతి యింటను ఉండవు. అవి దేవాలయమునందో, సత్రమునందో ఉమ్మడిగా ఉండును. పెండ్లివారు వంటకు ముందు వానిని తెచ్చుకొని, పని తీరిన పిమ్మట తోమి తిరిగి చేర్చుదురు. ఇందువలన ఊరికంతకు ఖర్చు తక్కువ. కాని ఇందులో ఒక చిక్కు కూడ కలదు. వంటవాడు వచ్చి పొయ్యి వెలిగించిన తరువాత గుండిగ లేదని తెలిసినచో, బియ్యము, పప్పు, కూరలు అన్నియు సిద్ధముగా ఉన్నను వంట సాగదు.

కంప్యూటరులోని ప్రోగ్రాములకును ఇట్టి ఉమ్మడి యేర్పాటే కలదు. అక్షరములను తెరపై గీయుట, బొమ్మలను విప్పుట, ముద్రణయంత్రమునకు కాగితములను పంపుట మొదలైన పనులు ఎన్నో ప్రోగ్రాములకు కావలసినవి. ప్రతి ప్రోగ్రామును ఈ పనులను విడివిడిగా తనలో ఇముడ్చుకొన్నచో డిస్కులోను, మెమరీలోను చోటు వృథా యగును. అందుచేత వానిని వేరు ఫైళ్ళలో ఉమ్మడిగా ఉంచుదురు. ఇట్టి ఫైలునకే లైబ్రరీ యని పేరు. ఒక ప్రోగ్రాము నడచుటకు ఏయే లైబ్రరీలు అవసరమో అవి దానికి ‘ఆధారములు’. ఆధారములలో ఒక్కటి లోపించినను ప్రోగ్రాము కదలదు.

ఈ విషయము నేడు మన పాఠశాలలకు మిక్కిలి సంబంధించినది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు నిలిచిపోయినది. ఒకటి రెండు గిగాబైట్ల మెమరీ మాత్రమే గల పాత యంత్రములపై విండోస్ 11 నిలువదు. ఆ యంత్రములను పాతసామానులవానికి అమ్మివేయుట యొక మార్గము. తేలికపాటి లైనక్సును ఎక్కించి, ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు తయారుచేయుటకు మరికొన్ని సంవత్సరములు వాడుకొనుట వేరొక మార్గము. రెండవ మార్గమున నడువగోరు ఉపాధ్యాయునకు మొదట అడ్డుతగులునది పైన చెప్పిన ఆధారముల చిక్కే. దాని స్వరూపమును తెలిసికొన్నచో పరిష్కారము కష్టము కాదు.

పూర్వకథ

ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్సు కెర్నెల్‌ను ప్రకటించెను. కెర్నెల్ అనునది యంత్రభాగములకును, ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని పంచిపెట్టు మూలభాగము. దానిపై ఇతర ప్రోగ్రాములను చేర్చి, జనులు వాడుకొనదగిన వ్యవస్థలుగా కూర్చినవారు అనేకులు. వానిలో ముఖ్యమైన డెబియన్ వ్యవస్థను 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించెను. బలహీనమైన యంత్రములకై వెలసిన వ్యవస్థలును కలవు. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో ఆరంభించిన పప్పీ లైనక్సు ఇట్టిదే. డెబియన్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌డీఈ వంటి చిన్న డెస్క్‌టాప్‌ను ఎన్నుకొన్నచో అదియు తేలికగా నడచును.

ఆఫీసు ప్రోగ్రాములలో లిబ్రేఆఫీసు ప్రసిద్ధమైనది. దీని మూలము జర్మనీలో పుట్టిన స్టార్ఆఫీసు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999లో దానిని కొని, 2000లో దాని మూలరచనను ఓపెన్ఆఫీసు పేర అందరికి తెరచి యిచ్చెను. సన్ సంస్థ 2010లో ఒరాకిల్ వశమైన పిమ్మట, అదే సంవత్సరము సెప్టెంబరు 28న పలువురు కార్యకర్తలు విడివడి లిబ్రేఆఫీసును ప్రకటించిరి. ఇందు వ్రాతకు రైటర్, లెక్కలకు కాల్క్, ప్రదర్శనకు ఇంప్రెస్ అను భాగములు కలవు.

లైబ్రరీని వెదకు విధము

ప్రోగ్రామును నొక్కినప్పుడు జరుగు పని ఇది. కెర్నెల్ ఆ ప్రోగ్రాము ఫైలును మెమరీలోనికి తెచ్చి, దానితోపాటు ‘లింకరు’ అను చిన్న సహాయకుని పిలుచును. ప్రోగ్రాము ఫైలులోనే దానికి కావలసిన లైబ్రరీల పేర్లు వ్రాయబడి ఉండును. లింకరు ఆ జాబితాను చదివి, నిర్ణీతమైన స్థలములలో ఒక్కొక్క లైబ్రరీని వెదకి, తెచ్చి, ప్రోగ్రామునకు జతపరచును. ఒకే లైబ్రరీని పది ప్రోగ్రాములు వాడుచున్నను దానిలోని ఆజ్ఞల ప్రతి మెమరీలో ఒక్కటియే యుండును. ఏ ప్రోగ్రాము లెక్కలు దానివి వేరుగా ఉండును. తక్కువ మెమరీ గల యంత్రమునకు ఇది గొప్ప ఉపకారము.

లైబ్రరీ పేరు చివర ఒక అంకె ఉండుట గమనింపదగినది. ‘లిబ్‌ఎక్స్ఇనెరమా.ఎస్ఓ.1’ అను పేరులోని 1 అట్టిది. లైబ్రరీలోని తప్పులను దిద్దినను, కొత్త పనులను చేర్చినను, పాత ప్రోగ్రాములు దానితో ఎప్పటివలె నడచుచున్నంతకాలము ఈ అంకె మారదు. పాత ప్రోగ్రాములకు పనికిరాని మార్పు జరిగినప్పుడు అంకెను పెంచుదురు. కాబట్టి 1 అడిగిన ప్రోగ్రామునకు 2 ఇచ్చుట గుండిగకు వేరొక గుండిగ మూతను పెట్టుట వంటిది. అది ఒక్కొక్కప్పుడు పట్టినట్లే కనబడును గాని, వంట నడుమ జారిపడును.

ప్యాకేజీ, చీటీ, భాండారము

లైనక్సులో ప్రోగ్రాములు ప్యాకేజీలు అను మూటలుగా లభించును. మూటలో ఫైళ్ళతోపాటు ఒక చీటీ ఉండును. ఈ మూట పేరేమి, కూర్పు ఎన్నవది, ఏ జాతి యంత్రమునకు తగినది, దీనికి ముందు ఏయే మూటలు ఉండవలెను అను సంగతులు అందు వ్రాయబడి ఉండును.

డెబియన్‌లో ఈ మూటలను విప్పునది ‘డీపీకేజీ’ అను పనిముట్టు. అది చీటీని చదువగలదు; లోపించిన మూటల పేర్లు చెప్పగలదు; కాని వానిని తెచ్చి యీయలేదు. ఆ పని చేయునది ‘ఏపీటీ’ అను మరియొక పనిముట్టు. ఇది 1999 మార్చిలో డెబియన్ 2.1వ కూర్పుతో వాడుకలోనికి వచ్చెను. ఏపీటీ డెబియన్ వారి భాండారములోని చీటీలన్నింటి పట్టికను దగ్గర ఉంచుకొనును. మనము రైటర్‌ను అడిగినచో దాని చీటీ చూచును. దానికి లిబ్రేఆఫీసు మూలభాగము కావలెను. ఆ మూలభాగమునకు బొమ్మలు గీయు కైరో లైబ్రరీ కావలెను. కైరోకు పిక్స్‌మన్, ఫ్రీటైప్ అను లైబ్రరీలు కావలెను. అన్నింటికిని అడుగున జీలిబ్‌సీ అను మూల లైబ్రరీ కావలెను. ఇట్లు కొమ్మ నుండి వేరు వరకు పోయి, కావలసినవన్నియు ఒకదానితో నొకటి పొసగునట్లు ఎన్నుకొని, దింపి, సరియైన వరుసలో అమర్చును.

ఇది చూచుటకు సులభముగా తోచినను గణితరీత్యా తేలిక సమస్య కాదు. ‘ఇది ఉన్నచో అది ఉండరాదు’, ‘ఈ రెండింటిలో ఒకటి చాలును’ అను నియమములు వేలకొలది చేరినప్పుడు, అన్నింటిని తృప్తిపరచు కూర్పు కలదో లేదో తేల్చుట తర్కశాస్త్రములోని కఠిన సమస్యల వర్గమునకు చెందునని నిరూపింపబడినది. ఒకే విడుదలకు చెందిన మూటలను డెబియన్ వారు ముందుగానే ఒకదానితో నొకటి సరిచూచి ఉంచుదురు గనుకనే మన పని క్షణములలో తీరుచున్నది. ఇంతేకాక ఏపీటీ భాండారపు పట్టికపై గల సంకేతముద్రను పరీక్షించును. దారిలో ఎవరైన మూటను మార్చినచో అది పట్టుబడును.

ఒక ఉదాహరణము

కొందరు వ్యవస్థ భాండారములోని కూర్పు పాతదని తలచి, లిబ్రేఆఫీసు నిర్మాతల నుండి కొత్త కూర్పును నేరుగా దింపుకొందురు. అది పెక్కు మూటలు గల కట్టగా వచ్చును. వానిని డీపీకేజీతో విప్పగా ‘ఆప్ట్’ అను డైరెక్టరీలో చేరును. అంతవరకు ఏ ఫిర్యాదును ఉండదు. కాని ప్రోగ్రామును నొక్కగా తెరపై ఏమియు రాదు. టెర్మినల్ నుండి నడిపి చూచినచో, ‘ఊస్ప్లాష్: లిబ్‌ఎక్స్ఇనెరమా.ఎస్ఓ.1 అను ఫైలును తెరువలేకపోతిని’ అను భావము గల వాక్యము వచ్చును.

దీని యర్థమేమి? ఊస్ప్లాష్ అనునది లిబ్రేఆఫీసు తెరుచుకొనుచుండగా కనబడు మొదటి బొమ్మను చూపు చిన్న ప్రోగ్రాము. ఎక్స్ఇనెరమా అనునది రెండు మూడు తెరలను ఒకే తెరగా చూపుటకు ఏర్పడిన యేర్పాటు. మనకు ఉన్నది ఒకే తెర కావచ్చును. అయినను ఆ లైబ్రరీ పేరు జాబితాలో ఉన్నది గనుక లింకరు దానిని వెదకును. అతి తక్కువ ప్యాకేజీలతో స్థాపించిన తేలిక వ్యవస్థలో అది లేకపోవుట సహజము. లింకరునకు విచక్షణ లేదు. జాబితాలో ఒకటి దొరకనిచో అక్కడనే నిలిచిపోవును.

డీపీకేజీ ముందుగా ఎందుకు హెచ్చరింపలేదని విద్యార్థులు అడుగవచ్చును. అది చూచునది మూటపై చీటీని. లింకరు చూచునది ఫైలు లోపలి జాబితాను. అనేక వ్యవస్థలకు ఉమ్మడిగా బయట తయారైన మూటలలో, ఒక్కొక్క వ్యవస్థలో ఒక్కొక్క పేరు గల లైబ్రరీలను చీటీలో పేర్కొనకపోవచ్చును. అప్పుడు చీటీ పరీక్షలో నెగ్గిన ప్రోగ్రాము నడకలో ఓడిపోవును. లోపము కనబడు తావులు రెండు గలవని గుర్తుంచుకొనుట మేలు.

పరిష్కారము మూడు మెట్లు. మొదటిది, లోపించిన వానినన్నింటిని తెలిసికొనుట. లింకరు మొదట లోపించిన దానినే చెప్పి ఆగిపోవును. ‘ఎల్డీడీ’ అను ఆజ్ఞకు ప్రోగ్రాము ఫైలు పేరు నిచ్చినచో, దాని లైబ్రరీల పట్టిక యంతయు వచ్చును. దొరకనివాని యెదుట ‘నాట్ ఫౌండ్’ అని ఉండును. ఇక్కడ ఒక మెలకువ. ‘సాఫీస్’ అను ఫైలు కేవలము ఆజ్ఞలు వ్రాసిన పాఠము. నిజమైన ప్రోగ్రాము ‘సాఫీస్.బిన్’. కాబట్టి ఊస్ప్లాష్‌ను, సాఫీస్.బిన్‌ను పరీక్షింపవలెను. నడచుచుండగా నడుమ పిలువబడు కొన్ని లైబ్రరీలు ఈ పట్టికలో కనబడవు. నమ్మదగని చోటునుండి వచ్చిన ఫైళ్ళపై ఎల్డీడీని ప్రయోగింపరాదు; కొన్ని సందర్భములలో ఆ ఫైలే నడచు ప్రమాదము కలదు.

రెండవది, లైబ్రరీ ఫైలు ఏ మూటలో ఉన్నదో కనుగొనుట. ‘ఏపీటీ-ఫైల్’ అను పనిముట్టు ఫైలు పేరు చెప్పగా మూట పేరు చెప్పును. లిబ్‌ఎక్స్ఇనెరమా.ఎస్ఓ.1 ఉన్న మూట ‘లిబ్‌ఎక్స్ఇనెరమా1’. లిబ్‌కైరో.ఎస్ఓ.2 ఉన్నది ‘లిబ్‌కైరో2’. ముద్రణకు సంబంధించిన లిబ్‌కప్స్.ఎస్ఓ.2 డెబియన్ 12లో ఉన్నది ‘లిబ్‌కప్స్2’.

మూడవది, ఆ మూటలను ఏపీటీతో తెప్పించి, ఎల్డీడీతో తిరిగి చూచుట. ‘నాట్ ఫౌండ్’ అనుమాట పూర్తిగా పోయిన పిమ్మటనే ప్రోగ్రామును నడుపవలెను.

కొన్ని మూటల విషయములో చీటీయే సరిగా ఉండి, డీపీకేజీ ‘ఆధారములు లేవు, సగములో వదలుచున్నాను’ అని చెప్పును. అప్పుడు ఏపీటీకి ‘ఫిక్స్-బ్రోకెన్’ అను సూచన నిచ్చినచో లోపించినవానిని తెచ్చుటకు యత్నించును. భాండారములో అవి లేనిచో, చిక్కు తీరుటకై ఆ సగపు మూటనే తీసివేతునని చెప్పును. కాబట్టి ‘అవును’ అని నొక్కుటకు ముందు, చేర్చబడువాని జాబితాను, తీసివేయబడువాని జాబితాను చదువుట తప్పనిసరి.

చేయరాని పనులు

వ్యవస్థలను పాడుచేయునది లోపించిన లైబ్రరీ కంటె, దానికై చేయు తొందర చికిత్సయే. అందు మిక్కిలి ప్రమాదకరమైనది జీలిబ్‌సీని బలవంతముగా మార్చుట.

2021 ఆగస్టులో వెలువడిన డెబియన్ 11లో జీలిబ్‌సీ 2.31వ కూర్పు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 2.36వ కూర్పు, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 2.41వ కూర్పు ఉన్నవి. పాత కూర్పుపై తయారైన ప్రోగ్రాము కొత్త కూర్పుపై సాధారణముగా నడచును. కొత్తదానిపై తయారైనది పాతదానిపై నడువకపోవచ్చును. ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అను ఫిర్యాదు డెబియన్ 11లో వచ్చినచో కారణమిదియే. అప్పుడు డెబియన్ 12 నుండి ఆ ఒక్క లైబ్రరీని తెచ్చి పెట్టుదమను ఆలోచన పుట్టును. కాని ఫైళ్ళ జాబితా చూపు ఆజ్ఞ మొదలు, ఫైళ్ళను నకలు తీయు ఆజ్ఞ వరకు, దాదాపు ప్రతి ప్రోగ్రామును దానిపైననే నిలిచి యున్నది. మార్పు నడుమ చెడినచో దిద్దుకొనుటకు కావలసిన పనిముట్లు కూడ నడువవు. యంత్రము తిరిగి లేవకపోవచ్చును. అందు దాచిన మార్కుల పట్టికలు, విద్యార్థుల వివరములు చిక్కులో పడును.

ఒక లైబ్రరీకి వేరొక అంకె గల మారుపేరు పెట్టుట, వేరు యంత్రము నుండి ఫైళ్ళను నకలు తెచ్చుట, ‘ఫోర్స్’ అను సూచనతో ఆధారములను లెక్కచేయక విప్పుట – ఇవియు చేయరానివే. వేరువేరు విడుదలల మూటలను కలిపిన వ్యవస్థకు డెబియన్ వారు ‘ఫ్రాంకెన్‌డెబియన్’ అని పరిహాసముగా పేరు పెట్టిరి.

కొత్త కూర్పు నిజముగా అవసరమైనచో సరియైన మార్గములు కలవు. పాత విడుదలకు అనువుగా కొత్త ప్రోగ్రాములను తిరిగి నిర్మించి యుంచు ‘బ్యాక్‌పోర్ట్స్’ భాండారము ఒకటి. ఆధారములను తనతో తెచ్చుకొను ‘ఫ్లాట్‌ప్యాక్’ పద్ధతి మరియొకటి. రెండవది పెండ్లివారు గుండిగలను సొంతముగా కొని తెచ్చుకొనుట వంటిది. ఎవరితోను పేచీ లేదు గాని డిస్కులో చోటు ఎక్కువ పట్టును. చాల సందర్భములలో ఏ కొత్త కూర్పును అవసరము లేదు. డెబియన్ 12తో వచ్చు లిబ్రేఆఫీసు 7.4తోనే పాఠశాల పనులన్నియు జరుగును.

యంత్రజాతి, మూలలైబ్రరీ

రెండు సంగతులను ముందుగా చూచుకొన్నచో సగము శ్రమ తప్పును. యంత్రము 32 బిట్లదా, 64 బిట్లదా అనునది మొదటిది. ‘ఎల్ఎస్‌సీపీయూ’ అను ఆజ్ఞ దీనిని చెప్పును. లిబ్రేఆఫీసు నిర్మాతలు 2019లో వచ్చిన 6.3వ కూర్పు మొదలు లైనక్సునకు 32 బిట్ల మూటలను తయారుచేయుట మానిరి. డెబియన్ 13 నుండి 32 బిట్ల పాత యంత్రములపై స్థాపించుట వీలుకాదు. 64 బిట్ల యంత్రముపై తెలియక 32 బిట్ల వ్యవస్థను ఎక్కించినవారు కలరు. వారికి 64 బిట్ల మూటలు ‘జాతి సరిపోలేదు’ అని నిరాకరింపబడును.

రెండవది, వ్యవస్థయొక్క మూలలైబ్రరీ ఏది యనునది. ఆల్పైన్ అను మిక్కిలి చిన్న లైనక్సులో జీలిబ్‌సీకి మారుగా ‘మజిల్’ అను వేరు లైబ్రరీ కలదు. జీలిబ్‌సీకై తయారైన లిబ్రేఆఫీసు మూటలు దానిపై నడువవు. ఆల్పైన్ భాండారములోని లిబ్రేఆఫీసునే తీసికొనవలెను.

తెలుగు అక్షరమునకు ఆధారము

ఆధారముల సంగతి మన లిపి విషయములో మరింత స్పష్టముగా తెలియును. ‘క్ష’ అను అక్షరము కంప్యూటరులో మూడు సంకేతములుగా దాచబడును: క, పొల్లు, ష. ఈ మూడింటిని చదివి, ఒక్క రూపముగా తెరపై కూర్చవలెనని నిర్ణయించునది ‘హార్ఫ్‌బజ్’ అను లైబ్రరీ. ఒత్తు ఎక్కడ వ్రాలవలెను, గుడి యెక్కడ చేరవలెను అనునది కూడ ఫాంటులోని నియమములను బట్టి అదియే చేయును. లిబ్రేఆఫీసునకు ఇది ఆధారములలో నొకటి.

కాని లైబ్రరీ ఉండి ఫాంటు లేకున్నను ఫలము లేదు. అక్షరములకు మారు ఖాళీ గడులు కనబడును. ప్రోగ్రాము చెడిపోలేదు, లింకరునకు ఫిర్యాదు లేదు, ఎల్డీడీ ఏమియు చెప్పదు. ఫాంటు లేకున్నను ప్రోగ్రాము నడచును గనుక అది తప్పనిసరి ఆధారముగా లెక్కింపబడదు. లోహిత్ తెలుగు మొదలైన ఫాంటుల మూటను ఏపీటీతో చేర్చి, లిబ్రేఆఫీసును మూసి తెరచినచో గడులు అక్షరములగును.

పొదుపు పద్ధతి

చీటీలో ఆధారములతోపాటు ‘సిఫారసులు’ అను రెండవ జాబితా కూడ ఉండును. ఇవి ఉన్నచో మంచిది, లేకున్నను నడచును. ఏపీటీ మామూలుగా వీనిని కూడ తెచ్చును. చిన్న డిస్కు గల యంత్రమున ‘లిబ్రేఆఫీసు’ అను మొత్తపు మూటను గాక, రైటర్, కాల్క్, ఇంప్రెస్ మూటలను మాత్రము అడిగి, సిఫారసులు వలదని సూచించినచో చాల చోటు మిగులును. అయితే అట్లు వదలినవానిలో తెరపై రూపమును దిద్దు ‘జీటీకే3’ భాగము, ఫాంటులు ఉండవచ్చును. వానిని మనమే పేరు పెట్టి చేర్చుకొనవలెను. ఏ పనికైనను ముందు ఏపీటీకి ‘సిమ్యులేట్’ అను సూచన నిచ్చినచో, ఏమియు మార్చకుండ జరుగబోవు పనిని మాత్రము చెప్పును.

తరగతిలో దీనిని అభ్యాసముగా చేయింపవచ్చును. విద్యార్థులు ఎల్డీడీతో ఒక చిన్న ప్రోగ్రాము లైబ్రరీలను, తరువాత లిబ్రేఆఫీసు లైబ్రరీలను వ్రాసికొని, రెండింటికి ఉమ్మడియైన వానిని గుర్తింపవలెను. జీలిబ్‌సీ రెండింటను కనబడును. పిమ్మట రైటర్ నుండి జీలిబ్‌సీ వరకు ఆధారముల చెట్టును కాగితముపై గీయవలెను. ఆ చెట్టును ఒకసారి గీచిన విద్యార్థి, తెరపై ‘ఫైలు దొరకలేదు’ అను వాక్యము వచ్చినప్పుడు యంత్రము పాడైనదని బెదరడు. ఏ కొమ్మ లోపించినదో చూచి, దానిని సరియైన భాండారము నుండి తెచ్చి చేర్చును. పదేండ్ల నాటి యంత్రము మూలన పడక, ప్రశ్నపత్రమును ముద్రించుచు, బడిలో మరికొంతకాలము పనిచేయును.